మీ బాబు లోపలికెల్లిపోనాడేటి?

నిన్ననే ఇంటర్వ్యూ నుంచి వచ్చాను. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నా.

నాకు 47. విజయనగరంలో ఒక మిల్లులో పంతొమ్మిదేళ్లు లెక్కలు చూశాను. మిల్లు మూసేశారు. పైడిభీమవరం వైపు ఓ మందుల ఫ్యాక్టరీలో అకౌంట్స్ పోస్టు ఉందంటే రెజ్యూమే పంపా, రమ్మన్నారు. అంతవరకూ ఏ పేచీ లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా ఫైలు చూసి, "మీ బాబు లోపలికెల్లిపోనాడేటి? పేరెంట్సంతా ఆ చెట్టు కింద కూకోవాల" అన్నాడు. ఆయనకీ నా వయసే ఉంటుంది. ఇంటర్వ్యూ నాకేనంటే, రిజిస్టర్లో పేరు రాసుకుంటూ ఇంకోసారి తలెత్తి చూశాడు.

టెస్టు గంట. కొనుగోళ్ల రిజిస్టర్‌ని జీఎస్టీ టూబీతో, అంటే మనకి సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో పోర్టల్లో వచ్చే పట్టీతో, టాలీ చేయాలి. 2017లో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచీ మా మిల్లు రిటర్నులన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. ఇరవై అయిదు నిమిషాల్లో ఇచ్చేశా. కుర్రాళ్లు ఇంకా బుర్ర గోక్కుంటున్నారు.

లోపల హెచ్ఆర్ అబ్బాయి ముందు "అంకుల్" అన్నాడు, నాలిక కరుచుకుని "సార్" అన్నాడు. నా టెస్టు పేపరు అతని ముందే ఉంది, తిప్పనైనా తిప్పలేదు. మేనేజర్‌కి 29 ఏళ్లే, ఆయన చెబితే వింటారా? షుగరు, బీపీ ఉన్నాయా? పిల్లలు సెటిలయ్యారా? మా పాప తొమ్మిదో తరగతి అన్నాను. "మాదంతా యంగ్ టీమ్ సార్" అని నవ్వాడు, చూపు మాత్రం నా కాలరు మీదే. బయటికొచ్చి అద్దంలో చూసుకుంటే తెలిసింది. పొద్దున్న వేసుకున్న రంగు చెమటకి కారి, తెల్లచొక్కా మీద నల్లటి చార! మా ఆవిడ వద్దంటూనే ఉంది. మీరెవరూ ఇంటర్వ్యూ రోజు రంగు జోలికి పోకండి. రెజ్యూమేలో పుట్టినతేదీ కూడా వేయకండి, అడిగినప్పుడు చూసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో విని, అక్కడ 40 దాటినవాళ్లని వయసు చూసి ఉద్యోగాల్లో పక్కన పెట్టకూడదని 1967లోనే చట్టం చేశారన్నాడు. మన రాజ్యాంగం 16వ అధికరణలో వివక్ష చూపకూడనివాటిలో కులం, మతం, లింగం, పుట్టినచోటు ఉన్నాయి గానీ వయసు లేదు. అదీ ప్రభుత్వోద్యోగాలకే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి 62 దాకా పనికొస్తాడు, నేను 47కే ముసలాణ్నయిపోయాను.

వారంలో చెబుతామన్నారు. చెప్పరు, ఆ మాట నేనూ వాడినదే. మిల్లులో గుమస్తా పనికి యాభై దాటిన ఒకాయన వస్తే, కంప్యూటర్ వచ్చా అనైనా అడక్కుండా అదే మాట చెప్పి పంపేశాను. ఆయన గొడుగు మర్చిపోయాడు. దాని కోసం మళ్లీ రాలేదు. వానొస్తే నేనే వేసుకెళ్లేవాణ్ని.