నా లెక్క నీకెందుకు రావడం లేదు?

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. జర్మనీలో భూగర్భజలాల మీద పనిచేసే పరిశోధన బృందంలో చేరినప్పుడు, మా నీళ్ల సంగతి నాకంటే ఎవరికి తెలుసులే అనుకున్నాను. గ్రానైట్ రాతిలోని ఫ్లోరైడ్ కరిగి బోరు నీటిలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాడికి ఆ అంకె బట్టీ పట్టనక్కర్లేదు.

అక్కడ వాళ్లు ముందు అడిగింది నీళ్ల గురించి కాదు. "ఈ పట్టిక ఏ కోడ్ నుంచి వచ్చింది? మళ్లీ తెప్పించు" అన్నారు. నా దగ్గర ఉన్నవి 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అనే మూడు ఎక్సెల్ ఫైళ్లు. సిగ్గేసింది. కూర్చుని గిట్ నేర్చుకున్నాను. 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన సాధనమది. ఏ వరుసను ఎవరు, ఎప్పుడు మార్చారో అదే గుర్తుపెట్టుకుంటుంది. ఎందుకు మార్చామో మాత్రం మనమే రాయాలి. మొదట్లో 'మార్పులు' అని రాసి ఊరుకునేవాణ్ని. ఆరు నెలల తర్వాత అది చదివితే నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు.

నల్లగొండలో ఎమ్మెస్సీ చదువుతున్న దేవరకొండ కుర్రాడొకడికి కోడ్, డేటా రెండూ పంపాను. ఓ రాత్రి ఫోను చేశాడు.

"అన్నా, మీ లెక్క నాకు రావడం లేదు."

ఏదో వదిలేసి ఉంటావని గదమాయించాను. మేం లెక్కలకు వాడేది ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఏ బోర్లతో అంచనా వేసే మోడల్‌కు నేర్పాలో, ఏ బోర్లతో దాన్ని పరీక్షించాలో అదే చీట్లు తీసినట్టు ఎంచుతుంది. చీట్లు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పే అంకె, అంటే సీడ్, ఒకటే ఇస్తే ఎన్నిసార్లు తీసినా అవే చీట్లు రావాలి. ఇద్దరం ఇచ్చింది 42. రెండు రాత్రులు వెతికాక తేలింది: అతని కంప్యూటర్లో ఉన్నది ఆర్ 3.5, నాది 4. మధ్యలో, 2019లో వచ్చిన 3.6.0లో చీట్లు తీసే పద్ధతే మార్చేశారు. వెర్షన్ రాయకుండా పంపింది నేను, చీవాట్లు తిన్నది అతను.

డాకర్ అనే సాధనంతో ఆర్‌తో సహా అంతా మూటగట్టి పంపమన్నారు మా బృందంవాళ్లు. ఆ మూట బరువు వందల మెగాబైట్లు. నెలాఖరు రీఛార్జి కష్టాలు వాళ్లకేం తెలుసు! అతని చేత కొత్త ఆర్ వేయించి, ఆర్‌కు తగిలించుకునే ప్యాకేజీల వెర్షన్లన్నీ ఒక లాక్ ఫైల్లో రాసి పంపాను. అంకెలు కలిశాయి.

మర్నాడే మళ్లీ ఫోను.

"అన్నా, 47వ వరుసలో బోరు మా మేనమామ చేని పక్కదే. అది 2014లోనే ఎండిపోయింది. మీరేమో 2017లో నీళ్లు తీసినట్టు రాశారు."

పాత కాగితాలు తిరగేశాను. 2011ని 2017గా ఎక్కించింది నేనే. దిద్దుబాటు అతన్నే చేయమన్నాను. ఎందుకు మార్చావన్న చోట అతను రాసింది ఒకే వాక్యం: "ఎండిన బోరులో నీళ్లు రావు."