బడి గేటు లోపల ఒకరిది, గేటు బయట ఇంకొకరిది

జూన్ రెండో వారం వచ్చిందంటే తిరుపతిలో ఏ వీధి వాట్సాప్ గ్రూపు తెరిచినా రెండే ప్రశ్నలు. బళ్ళు ఎప్పుడు తెరుస్తారు? మా బడి ముందు గుంత ఎప్పుడు పూడుస్తారు? మొదటిదానికి జవాబు సులువు. 2024లో జూన్ 13న తెరిచారు, 2025లో 12న. రెండోదానికే జవాబు దొరకదు. అందుకు అధికారుల బద్ధకం ఒక కారణమైతే కావచ్చు గానీ, అర్జీ పోవాల్సిన బల్ల మీదికి పోకపోవడం అంతకంటే పెద్ద కారణం. బడి ముందు కాలువ గురించి హెడ్మాస్టరు గారిని నిలదీస్తే ఆయన చేయగలిగింది ఏమీ లేదు. బడి బాత్‌రూమ్ తలుపు గురించి కార్పొరేషన్ ఆఫీసులో అరిచినా అంతే.

ప్రహరీ గోడ లోపలిది విద్యాశాఖ పని: హెడ్మాస్టరు, ఆ పైన మండల విద్యాధికారి (ఎంఈఓ), ఆ పైన జిల్లా విద్యాధికారి (డీఈఓ). గోడ బయట రోడ్డు, కాలువ, చెత్త, వీధిలైటు స్థానిక సంస్థవి. నగరం అంచున ఉండేవాళ్ళకు తమది కార్పొరేషనో పంచాయతీయో ఎప్పుడూ సందేహమే. ఇంటి పన్ను రశీదు తీసి చూడండి, పైన ఎవరి పేరు ఉంటే అర్జీ వాళ్ళకే. మెయిన్ రోడ్డు మీద బడి అయితే ఆ రోడ్డు రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)దా, హైవే వాళ్ళదా అన్నది వార్డు ప్లానింగ్ కార్యదర్శిని అడిగి తెలుసుకోవచ్చు.

అన్నింటికంటే తికమక కరెంటు స్తంభం దగ్గర. స్తంభం ఒకటే, ఆఫీసులు రెండు. దాని మీద లైటు వెలగకపోతే కార్పొరేషన్‌కు చెప్పాలి. తీగ వేలాడుతున్నా, స్తంభం ఒరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె లేకపోయినా కరెంటు సరఫరా సంస్థ ఎస్పీడీసీఎల్‌కు చెప్పాలి, నంబరు 1912. ఫోన్ చేసేముందు స్తంభం మీదో ట్రాన్స్‌ఫార్మర్ మీదో పెయింటుతో రాసిన నంబరు రాసుకోండి. ‘స్కూలు దగ్గర స్తంభం’ అంటే లైన్‌మన్ వచ్చి వేరే స్తంభం చూసి, బాగానే ఉందని రాసి పోతాడు. తీగ తెగి కింద పడి ఉంటే నంబరు కోసం దగ్గరికి పోవద్దు. ముందు పిల్లలను దూరం జరిపి ఫోన్ చేయండి.

వార్డు సచివాలయంలో ఎవరి పని ఏమిటో కూడా తెలిసి ఉండాలి. రోడ్డు, నీళ్ళు, వీధిలైటు అయితే ఎమినిటీస్ (వసతుల) కార్యదర్శి. చెత్త, కాలువ, దోమలు అయితే శానిటేషన్ కార్యదర్శి. బడి దగ్గర ఆకతాయిలు, ఆడపిల్లల వెంటపడేవాళ్ళు ఉంటే మహిళా పోలీసు. సిబ్బందిని సర్దుబాటు చేశాక ఒకరే రెండు సచివాలయాలు చూస్తుండవచ్చు, కాబట్టి పోయేముందు ఫోన్ చేయడం మంచిది.

ఇక అర్జీ రాసే తీరు. ‘మా ప్రాంతంలో సమస్యలు చాలా ఉన్నవి, దయచేసి పరిష్కరించగలరు’ అని రాస్తే అది ఏ శాఖకూ పోదు. ఒక కాగితానికి ఒకటే సమస్య. ఇలా రాయండి: ‘ఫలానా వీధిలో బడి మెయిన్ గేటుకు ఎడమ పక్క, పదడుగుల దూరంలో కాలువ మీద బండ పగిలి ఉంది. రంధ్రం సుమారు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా చిన్నపిల్లలు దాని పక్కనే నడుస్తారు. కొత్త బండ వేయించాలి.’ దానితోపాటు గేటూ రంధ్రమూ రెండూ కనబడేలా ఒక ఫోటో, దగ్గరనుంచి ఒక ఫోటో. పక్కన ఒక చెప్పు పెట్టి తీస్తే కొలత దానికదే తెలుస్తుంది.

స్పీడ్ బ్రేకరు గురించి ఒక మాట. కొన్ని వీధుల్లో జనమే చందాలేసుకుని సిమెంటుతో గుట్ట కట్టేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, అంటే దాదాపు పన్నెండడుగులు. మనవాళ్ళు కట్టేది ఎత్తు జానెడు, వెడల్పు మూరెడు. దాని మీద స్కూటర్ ఎగిరితే వెనక కూర్చున్న బిడ్డే ముందు పడేది. పెయింటూ, ముందే కనబడే బోర్డూ లేకుండా రాత్రిపూట అది గుంతతో సమానం. స్పీడ్ బ్రేకరు కావాలని అర్జీ పెట్టండి, సొంతంగా కట్టొద్దు.

ఇప్పుడు గేటు లోపలికి. ఏప్రిల్ చివరి వారం నుంచి ఏడు వారాలు మూసి ఉన్న బడిలో మొదట చూడాల్సింది నీళ్ళ ట్యాంకు. మూత పక్కకు జరిగి ఉంటే లోపల బల్లి, పావురం రెట్ట, ఒక్కోసారి చచ్చిన ఎలుక కూడా ఉంటుంది. ఉన్న నీళ్ళన్నీ వదిలేసి, అడుగున మడ్డి ఎత్తి, గోడలు బ్రష్‌తో రుద్ది కడగాలి. తర్వాత ట్యాంకు నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడరు కలిపి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి అన్ని కుళాయిలూ తిప్పి ఆ నీళ్ళు పూర్తిగా బయటికి వదలాలి, పైపులు కూడా శుభ్రమయ్యేది అప్పుడే. ఈ మొదటి నింపు ఎవరూ తాగకూడదు. కుళాయిల దగ్గర మనిషిని పెట్టకపోతే ఎవడో ఒకడు దోసిలి పడతాడు.

ఆ తర్వాత రోజువారీ తాగే నీళ్ళకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లేయడం అందరూ చేసే తప్పు. బకెట్టులో కొంచెం నీళ్ళు పోసి కలిపి, సున్నం అడుక్కు దిగేదాకా ఆగి, పైతేట మాత్రం పోయాలి. అరగంట తర్వాత క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే లేత పసుపు రంగు రావాలి. రాలేదంటే పౌడరు పాతబడింది. మూట విప్పి నెలలు అయితే దాంట్లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, తెల్లగా ఉన్నంత మాత్రాన పని చేయదు.

మధ్యాహ్న భోజనం బియ్యంలో పురుగు సంగతీ అంతే. వేసవికి ముందు మిగిలిన మూటలను కొత్త మూటల కింద వేసి మర్చిపోతారు. మొదటి రోజే పాతవి విడిగా తీసి, చాటలో పోసి చూడాలి. పిల్లలకు వడ్డించేముందు టీచరు ఒకరు రుచి చూడాలనే నియమం ఉంది. తల్లుల్లో ఒకరు వారానికొకసారి పోయి ఆ రుచి రిజిస్టరులో సంతకం పెడితే నియమం కాగితం మీదినుంచి కిందికి దిగుతుంది.

బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుల గురించి అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి క్లుప్తంగా. బిడ్డకు 15,000 రూపాయల లెక్క, అందులో 13,000 తల్లి ఖాతాలోకి, 2,000 బడి నిర్వహణకు. పడకపోవడానికి ఎక్కువగా కారణాలు మూడు: తల్లి ఖాతా ఆధార్‌తో ఎన్‌పీసీఐలో (బ్యాంకు చెల్లింపుల సంస్థ) కలవకపోవడం, హాజరు 75 శాతం లేకపోవడం, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటినట్టు చూపడం. మూడోది అద్దె ఇళ్ళవాళ్ళను బాగా సతాయిస్తుంది. ఎవరి మీటరో మీ ఆధార్‌కు అంటుకుని ఉంటుంది. సచివాలయంలో మీ పేరుతో ఎన్ని మీటర్లు ఉన్నాయో చూపించమని అడగండి, మీది కానిదాన్ని విద్యుత్ ఆఫీసులో విడదీయించాలి. ఇక ఆ 2,000 ఏమైందని అడిగే చోటు స్కూలు మేనేజ్‌మెంటు కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. టీ తాగి సంతకం పెట్టి వచ్చే కమిటీ అయితే పోయినవాళ్ళదే తప్పు.

బస్సుల దగ్గర మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు. విద్యాసంస్థల బస్సులకు ఏటా మే 15తో ఫిట్‌నెస్ గడువు తీరుతుంది, తిరిగి రవాణాశాఖ చూసి ఇచ్చాకే రోడ్డెక్కాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనబడుతుంది, బండి పాత ఏపీ 03 అయినా కొత్త ఏపీ 39 అయినా సరే. తర్వాత బస్సు ఎక్కి చూడండి. అత్యవసర ద్వారం చేత్తో తెరుచుకోవాలి, చాలా బస్సుల్లో దానికి అడ్డంగా సీటో బ్యాగుల గుట్టో ఉంటుంది. మంటలార్పే సిలిండరు ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. మందుల పెట్టెలో మందుల తేదీ చూడాలి, పెట్టె ఉండి మందులు 2022వి అయితే ఏం లాభం.

ప్రాణాలు పోయే ప్రమాదం బస్సు నడిచేటప్పుడే కాదు, బిడ్డ దిగాక కూడా ఉంటుంది. దిగిన బిడ్డ బస్సు ముందునుంచే రోడ్డు దాటుతుంది, పొట్టిపిల్ల డ్రైవరు సీటుకు కనబడదు. అందుకే అటెండరు ముందు దిగాలి, బిడ్డ చేయి పట్టుకుని దాటించి, తిరిగి వచ్చి ఎక్కాకే బస్సు కదలాలి. మనం చేసే తప్పు కూడా ఉంది. రోడ్డుకు అవతలి పక్క నిలబడి ‘రా నాన్నా’ అని పిలుస్తాం. బిడ్డ అటూ ఇటూ చూడకుండా పరిగెడుతుంది. బస్సు తలుపు తెరుచుకునే పక్కనే నిలబడండి.

ఆటోలకు పర్మిట్ ముగ్గురికి. డ్రైవరు పక్కన చెక్క పలక వేసి ఇద్దరినీ, వెనక ఆరుగురినీ కుక్కితే బ్యాగులన్నీ బయట కొక్కేనికి వేలాడతాయి. సందులో ఎదురొచ్చే బండికి ఆ బ్యాగు పట్టీ తగులుకుంటే ఆటో పక్కకు లాగేస్తుంది. పలక తీయమంటే డ్రైవరన్న నెల బాడుగ పెంచుతాడు, నిజమే. పలక ఉన్న ఆటోలో బిడ్డను పంపడం కంటే ఆ పెంపే చవక.

కుక్కలు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి వీధికుక్కలను తీసేసి, తిరిగి అక్కడే వదలొద్దని చెప్పింది. ఆవరణకు కంచె ఉండాలి, చూసుకోవడానికి ఒక అధికారి ఉండాలి. మీ బడిలో ఆ అధికారి ఎవరో అడగండి. అన్నం మెతుకులు ప్రహరీ పక్కన పారబోసినన్నాళ్ళూ కోర్టు చెప్పినా కుక్క వస్తుంది. కరిస్తే కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టొద్దు. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. వెంటనే తిరుపతిలోని రుయా పెద్దాసుపత్రికి గానీ దగ్గరి ప్రభుత్వాసుపత్రికి గానీ పోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలో వేసే సూది 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మూడో సూది అయ్యాక ‘బాగానే ఉన్నాడు కదా’ అని నాలుగోది మానేయడమే ప్రమాదం. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, గట్టిగా అడగండి.

బడికి వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మకూడదన్నది పాత చట్టమే. గంజాయి మాట వినబడితే 1972 నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. పిల్లల విషయమైతే 1098, ఏ అత్యవసరానికైనా 112.

మనకు అసలు వానలు జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్ళలో వాహనం చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. మరుసటి నెలలోనే నగరం సగం మునిగింది. బస్సు దారిలో అండర్ బ్రిడ్జి ఉంటే, వానరోజు ఏ దారిన వస్తారో జూన్‌లోనే బడిని అడిగి రాయించుకోవాలి. పైనుంచి చూస్తే అండర్ బ్రిడ్జి నీళ్ళు అడుగు లోతే అనిపిస్తాయి, మధ్యలో రోడ్డు దిగి ఉంటుందని గుర్తుకు రాదు.

ఆ రోజుల్లోనే సెలవు మెసేజీలూ మొదలవుతాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి చిత్తూరు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. పాకాల పిల్లలకు తిరుపతి కలెక్టరు మాట, ఆ పక్కనే పూతలపట్టు పిల్లలకు చిత్తూరు కలెక్టరు మాట. ‘చిత్తూరు జిల్లాలో రేపు సెలవు’ అన్నది నిజమే అయినా తిరుపతికి వర్తించదు. మెసేజీలో తేదీ, వారం రెండూ పొసుగుతున్నాయా చూడండి. పోయినేటి నవంబరు మెసేజీని తేదీ మార్చి పంపినవాడు వారం మార్చడం మర్చిపోతాడు.

అర్జీ ఇచ్చాక రశీదు నంబరు తీసుకోకుండా లేవకండి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇచ్చినా, 1100కు ఫోన్ చేసి చెప్పినా నంబరు ఇస్తారు. కొన్నాళ్ళకు ‘పరిష్కరించబడింది’ అని మెసేజీ వస్తుంది, గుంత మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడు కొత్త అర్జీ పెట్టొద్దు, పాత నంబరునే తిరిగి తెరిపించండి. కొత్తది పెడితే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఫోటో మాత్రం మొదటిసారి నిలబడిన చోటే నిలబడి, అదే గేటు కనబడేలా, ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీయండి.