చాంగీలో ఏపెక్ లైను

ఏపెక్ అనే మాట నాకు మొదట కనపడింది సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టు ఇమ్మిగ్రేషన్ దగ్గర, ఒక బోర్డు మీద. మా బ్యాచ్ పద్నాలుగు మందిమి ఐపీఏ కాగితాలు (పనికి రావచ్చని ముందుగా ఇచ్చే అనుమతి) పట్టుకుని నుంచున్నాం, లైను అంగుళం కదలట్లేదు, పక్కన ఆ బోర్డు కింద మాత్రం అసలు జనమే లేరు, ఒకడొకడు వస్తున్నాడు, సూట్‌కేసు చక్రాలు ఆగకుండానే అవతలికి వెళ్ళిపోతున్నాడు. డబ్బున్నోళ్ళ క్లబ్బేమో అనుకున్నా.

అంత తప్పేం అనుకోలేదు లెండి. అది ఏపెక్ బిజినెస్ ట్రావెల్ కార్డు ఉన్నవాళ్ళ లైను, 1997లో మొదలైంది ఆ కార్డు. పసిఫిక్ చుట్టూ ఉన్న 21 ఎకానమీలు (దేశాలు అనరు, హాంకాంగూ తైవానూ ఉన్నాయి కదా) వ్యాపారం గురించి మాట్లాడుకునే చోటే ఏపెక్, 1989లో 12 ఎకానమీలతో మొదలైంది. ఆఫీసు ఇక్కడే సింగపూర్‌లో, హెంగ్ ముయ్ కెంగ్ టెర్రస్‌లో, లారీ వెనక కూర్చుని ఆ వైపు ఎన్నిసార్లు వెళ్ళామో. అందులో వ్యాపారులకి 1995 నుంచి ఏబ్యాక్ అని సొంత కౌన్సిల్ ఉంది, ఒక్కో ఎకానమీ నుంచి ముగ్గురి దాకా, ఏటా దేశాధినేతలతోనే కూర్చుని మాకిది కావాలి అని చెప్తారు. యూనియన్లకి అలాంటిది లేదు. లేబర్ ఫోరం పెట్టండని ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఆ సంవత్సరం మీటింగు జరిపే దేశం నాయకుడు టైమిస్తే ఒక కాగితం చేతికిచ్చి రావడమే, ఇవ్వకపోతే అదీ లేదు.

నాకు ఇదంతా పట్టింది ఓవర్‌టైమ్ వల్ల. షిప్‌యార్డులో స్కాఫోల్డింగు పని, అంటే ఓడ చుట్టూ పరంజా కట్టడం, వారానికి 44 గంటలు దాటితే గంటకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, చట్టం అది. నా జేబులో చిన్న నోట్‌బుక్ ఉండేది, చెమటకి అట్ట ఊడిపోయి రబ్బరు బ్యాండు వేసుకున్నా, ఒక నెల ఓవర్‌టైమ్ అందులో 46 గంటలు, పేస్లిప్‌లో 31. సూపర్‌వైజర్ని అడిగితే "నీ లెక్క నీది, కంపెనీ లెక్క కంపెనీది" అన్నాడు. రూములో ఒక తమిళ అన్న మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు, 2009లో ఎన్‌టీయూసీ యూనియన్ వాళ్ళూ యజమానుల ఫెడరేషనూ కలిసి పెట్టింది అది. నాకొచ్చిన అరకొర తమిళంలో నేను చెప్తే అన్న దాన్ని సరిచేసి మళ్ళీ చెప్పాడు, ఆ రబ్బరు బ్యాండు తీసి పేజీ పేజీ జిరాక్సు తీయించాం. రెండు నెలల డబ్బులు వచ్చాయి. అంతకుముందువి రాసుకోలేదు, కాబట్టి పోయాయి.

అప్పుడే తెలిసింది నేషనల్ వేజెస్ కౌన్సిల్ సంగతి. 1972 నుంచి ఇక్కడ యూనియన్లు, యజమానులు, ప్రభుత్వం ఒక్క టేబుల్ దగ్గరే కూర్చుని జీతాల గురించి మాట్లాడుకుంటున్నారు. ఐఎల్‌ఓలో, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థలో, 1919 నుంచీ ఇదే పద్ధతి, ఎక్కువగా డబ్బున్న దేశాల కూటమి ఓఈసీడీ దగ్గర కూడా యూనియన్లకి టీయూఏసీ అనే సలహా కమిటీ ద్వారా అఫీషియల్ హోదా ఉంది. ఏపెక్ వరకూ వచ్చేసరికి మాత్రం ఇది వ్యాపారం, లేబర్ గొడవలు ఇక్కడొద్దు అన్నట్టుంటారు. వ్యాపారం అంటే సరుకేగా, ఆ సరుకు మోసే ఓడకి స్కాఫోల్డింగు ఎవరు కట్టారంట?

నాకో డౌటు కూడా ఉంది, దాచుకోను. రేపు యూనియన్లకి కుర్చీ వేసినా ఇండియా ఏపెక్‌లో లేదు, మన యూనియన్ వాళ్ళు అందులో ఉండరు, నా తరఫున ఇక్కడి యూనియనే మాట్లాడాలి, వాళ్ళకి ముందు వాళ్ళ సిటిజన్లు, అది సహజమే. కానీ ఏజెంటుకి కట్టిన డబ్బు ఒక దేశంలో, కోసిన ఓవర్‌టైమ్ ఇంకో దేశంలో అయినప్పుడు ఒక్క దేశం యూనియన్‌తో తేలేది సగమే. అందుకే పంపే దేశాల యూనియన్లనీ పిలవాలంటాను, కనీసం వలస కూలీల సంగతి వచ్చినరోజన్నా.

పోయిన నెల మా రూములోకి ముగ్గురు కొత్త కుర్రాళ్ళు వచ్చారు. తలా ఒక నోట్‌బుక్ కొనిచ్చా, రోజూ ఎక్కినటైమూ దిగినటైమూ రాయండ్రా అని. ఒకడు అట్ట తిప్పి చూసి, "ఇది ఎవరికి చూపించాలన్నా?" అన్నాడు. సెంటర్ నెంబరు లోపలి అట్ట మీద రాసిచ్చా.