గడియ లోపలివైపు ఉంది

మనసు బాగా కుంగిపోయినప్పుడు ఆసుపత్రికి బదులు కొన్నాళ్లు ఉండటానికి నడిపే ఇల్లది. ఆ ఇంట్లో ఏడు రాత్రులు ఉన్నాను. అన్నిటికంటే ముందు నా కంట్లో పడింది గది తలుపు. గడియ లోపలివైపు ఉంది, వేసుకోవడం నా ఇష్టం. అంతకుముందు నేనున్న సైకియాట్రీ వార్డులో తాళం ఎప్పుడూ బయటే.

ఇల్లు నడిపేవాళ్లంతా ఒకప్పుడు నాలాగే కుప్పకూలి లేచినవాళ్లు. (ట్రైనింగ్ కూడా తీసుకున్నారులెండి, ఉత్త జాలితో నడిచే ఇల్లు కాదు.)

రెండో రాత్రి మూడింటికి నిద్రపట్టక వంటగదిలోకి వెళ్తే, డ్యూటీలో ఉన్నావిడ గిన్నెలు తుడుస్తోంది. ఏమైందని అడగలేదు. ఇంకో గుడ్డ చేతికిచ్చింది. పది గిన్నెలయ్యాక నేనే అన్నాను, చచ్చిపోవాలనిపిస్తోందని. ఆవిడ కంగారుపడలేదు, ఫోన్ అందుకోలేదు. "నాకూ ఉండేది. మీకు ఎక్కువగా ఏ టైంలో వస్తుంది?" అంది. తెల్లారేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఇలా మనుషుల్నే తోడుగా పెట్టే ఆలోచన పాతదే. 1971లో కాలిఫోర్నియాలో లోరెన్ మోషర్ అనే సైకియాట్రిస్టు సొటీరియా పేరుతో అలాంటి ఇల్లొకటి మొదలుపెట్టాడు.

అంతా హాయిగా ఉందని చెప్పను. పక్కగదిలో అర్ధరాత్రి పాటలకి చిరాకొచ్చేది. మందులు ఎవరూ గుర్తుచేయరు, రెండుసార్లు మర్చిపోయాను.

ఇందాక బ్యాగు సర్దుతుంటే ఆ గుడ్డ దొరికింది. పొరపాటున తెచ్చేసుకున్నట్టున్నాను.