మోరీ ఎటు తవ్వాలి?

మా గల్లీలో మోరీ పని మొత్తానికి అయిపోయింది. మొదట ఎడమ పక్క తవ్వుతామని ముగ్గుతో గీత గీశారు. మహిళా సంఘాల సమాఖ్య అక్కలు ఒప్పుకోలేదు. "వాన నీళ్లు అటు పోవు తమ్మీ" అంటూ ఒకావిడ బిందె తెచ్చి నల్లా పక్కనే గుమ్మరించింది. నీళ్లు కుడివైపు మెట్ల కిందికి పారి అక్కడే మడుగు కట్టాయి. ఇంజనీరు సార్ ఏం మాట్లాడలేదు, గీత మాత్రం మారింది.

హైదరాబాద్‌కి ఇదేం కొత్త కాదు. బస్తీవాళ్లను కలుపుకొని పనిచేసే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు ఇక్కడ 1967లోనే మొదలైంది. పాకిస్తాన్‌లో కరాచీలోని ఒరంగీ అనే పేదల బస్తీలో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన పనిలోనైతే గల్లీవాళ్లే డబ్బులేసుకుని మురుగు పైపులు వేసుకున్నారు. పెద్ద లైన్లు మాత్రం సర్కారు బాధ్యత. అదే న్యాయం అనిపిస్తుంది నాకు. పేదోళ్ల మీదే అంతా నెట్టేస్తే దాన్ని భాగస్వామ్యం అనరు.

మా మోరీ గురించి పగలు మీటింగ్ పెడితే కూలికి పోయేవాళ్లు ఎట్లా వస్తారు? రాత్రికి మార్చాకే జనం నిండారు. కిరాయికున్నవాళ్లను పిలవాలా వద్దా అని పెద్ద గొడవే అయింది. చివరికి పిలిచాం. ఇప్పుడు మోరీలో చెత్త తీసే వంతుకి టైముకి వస్తున్నది వాళ్లే. ఇంటి ఓనర్లకి ఫోన్ చేసి గుర్తు చేయాల్సి వస్తోంది!