పొగ అడ్డంగా పరుచుకునే రోజులు

మా నాన్నకు ఆయాసం. జేబులో ఇన్‌హేలర్ లేనిదే గడప దాటరు. అయినా నడక మాత్రం మానరు, అదీ ఉదయం ఐదింటికే. "తెల్లవారుజాము గాలికి మించిన మందు లేదురా" అనేవారు. నేనూ అదే నమ్మాను. పోయిన చలికాలం వరసగా నాలుగు రోజులు నడక నుంచి వస్తూనే గోడ పట్టుకుని నిలబడిపోయేసరికి నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఐదో రోజు డాబా ఎక్కాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వెనక ఖాళీ స్థలంలో ఎవరో ఎండుటాకులూ చెత్తా పోగేసి అంటించారు. పొగ తిన్నగా లేచింది. మూడంతస్తుల ఎత్తుకు వెళ్లిందో లేదో, కనపడని కప్పేదో తగిలినట్టు అక్కడే ఆగి, అడ్డంగా పరుచుకుంటూ మెల్లగా వీధి మీదికి వచ్చింది. చెట్ల మీద ఆకు కదలడం లేదు. ఆ పొగ కిందే మా నాన్న నడుస్తున్నారు.

ఆ రోజు నుంచి దీని గురించి దొరికిందల్లా చదివాను. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున. నేల దగ్గర వేడెక్కిన గాలి తేలికై లేస్తూ పొగనూ దుమ్మునూ తనతో తీసుకుపోతుంది. చలికాలం రాత్రి, మబ్బు లేనప్పుడు, నేల తన వేడినంతా వదిలేసి చల్లబడిపోతుంది. దాన్ని ఆనుకున్న గాలీ అంతే. పైన మాత్రం వెచ్చటి గాలి మిగిలిపోతుంది. కింది గాలి బరువుగా ఉంటుంది కాబట్టి లేవదు, పైది మూత పెట్టినట్టు కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. వేసవి మధ్యాహ్నం రెండు కిలోమీటర్ల ఎత్తుదాకా కలిసిపోయే పొగ ఇలాంటి రాత్రి వంద, రెండు వందల మీటర్లలోనే ఇరుక్కుపోతుంది. రోజూ వచ్చే పొగే, ఉండటానికి చోటే తగ్గిపోయింది.

ఊరు గిన్నెలా ఉంటే ఇంకా కష్టం. కొండల మీది చల్లగాలి రాత్రంతా జారి అడుగుకు చేరుతుంది. చుట్టూ కొండలు బయటి గాలిని రానివ్వవు. మెక్సికో సిటీ అలాంటిదే. పైగా అది 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ కాబట్టి పాత ఇంజన్లలో ఇంధనం సరిగా కాలక పొగ మరీ ఎక్కువయ్యేది.

చదివినవాటిలో నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం లండన్. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు, ఐదు రోజులు. థేమ్స్ లోయ మీద గాలి స్తంభించింది, పైన మూత పడింది. కింద ఇళ్లలో, కార్ఖానాల్లో బొగ్గు మండుతూనే ఉంది. దాదాపు 4,000 మంది చనిపోయారని అప్పట్లో లెక్క వేశారు. తర్వాతి అధ్యయనాలు 12,000 దాకా ఉండొచ్చన్నాయి. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, పసిపిల్లలు. ఆ బొగ్గు ప్రతి చలికాలమూ కాల్చిందే. గాలి కదిలినన్నాళ్లూ అదెంత ఉందో తెలిసిరాలేదు. 1956లో పొగను అదుపు చేసే చట్టం తెచ్చారు, అన్ని ప్రాణాలు పోయాక.

సముద్రం పక్కనుంటే బెంగ లేదనుకునేవాణ్ని. లాస్ ఏంజెలెస్‌కు ఒకవైపు సముద్రం, తక్కిన వైపుల చాలావరకు కొండలు. పగలు సముద్రం మీంచి వచ్చే చల్లగాలి పొగను కొండల వైపు నెట్టి, పోయే దారి లేకుండా చేస్తుంది. అక్కడ వేసవి ఎండే శత్రువు. వాహనాల పొగ మీద ఎండ పడి, ఊపిరితిత్తులను ఇబ్బంది పెట్టే ఓజోన్ అనే వాయువు తయారవుతుంది. అంటే ఆయాసం ఉన్నవాళ్లకు చలికాలంలో తెల్లవారుజాము చెడ్డదైతే, అలాంటి ఊళ్లో వేసవి మధ్యాహ్నం చెడ్డది. ఒక్కటే టైమ్ టేబుల్ అన్ని కాలాలకీ పనికిరాదు.

వాన పడ్డాక ఆకాశం కడిగినట్టుంటే మనసుకు హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ హాయిలో మనం చేసిందేమీ లేదు. వేసవిలో అదే ఖాళీ స్థలంలో అదే చెత్త తగలబెట్టారు. పొగ పైకి పోయింది, ఎవరూ తల తిప్పి చూడలేదు. నేనూ చూడలేదు. గాలి మోసుకుపోయిన పొగ మాయమవదు, ఇంకెవరి ఊపిరిలోకో చేరుతుంది. పంజాబ్, హర్యానా పొలాల్లో వరికొయ్యలు కాల్చిన పొగ అక్టోబరు, నవంబరుల్లో ఢిల్లీకి చేరేదీ ఇలాగే. ఈ ఏడాది ఎండాకాలంలోనే ఇరుగుపొరుగుతో మాట్లాడాను. ముగ్గురు తగలబెట్టడం మానేశారు, ఇంకొకరితో మాట్లాడాలి.

నాన్నను ఒప్పించడానికి మాత్రం ఈ చదువేదీ పనికిరాలేదు. ఒకరోజు ఐదింటికి చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లి పొగను చూపించాను. చాలాసేపు చూశారు. మళ్లీ పదకొండింటికి తీసుకెళ్లాను. ఎండకు నేల వేడెక్కింది, కొమ్మలు ఊగుతున్నాయి, పొద్దున కనిపించని దూరపు ట్యాంకు స్పష్టంగా కనిపిస్తోంది.

ఇప్పుడు లేవగానే కిటికీ దగ్గరికే వెళ్తారు. ఇవాళ కూడా అక్కణ్నుంచే పిలిచారు. "ఒరేయ్, పొగ ఇంకా పడుకునే ఉందిరా. ఎండ ఎక్కాక వెళ్తాలే."