ఉగ్గు నీళ్లయితే బిడ్డకు బలం అందదు

నెల్లూరులో పెన్నా ఒడ్డు కాలనీల్లో తల్లి పొద్దున్నే పనికి పోతూ బిడ్డను అవ్వకు అప్పజెబుతుంది. గొంతుకు అడ్డం పడుతుందని అవ్వ ఉగ్గును నీళ్లలా చేసి సీసాలో పోస్తుంది. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతోనే నిండిపోతుంది. బరువు పెరగకపోతే నిందంతా తల్లిపాల మీదికి, పాపం.

చెంచా వంచినా ఉగ్గు జారకుండా నిలవాలి. 6 నెలలు నిండాక పూటకు 2, 3 పెద్ద చెంచాలు, రోజుకు 2, 3 సార్లు. తొమ్మిదో నెలకు పూటకు అర కప్పు. చనుబాలు ఎటూ మానకూడదు.

మింగలేకపోతే నీళ్లు పోయొద్దు, మొలకరాగి పిండి కలపండి. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, రోజున్నర మొలకెత్తించి, ఎండబెట్టి విసరాలి. మాడేట్టు వేయించారా, ఉగ్గును జారుగా చేసే మొలక గుణం పోయినట్టే. గోరువెచ్చని చిక్కటి ఉగ్గులో అర చెంచా వేసి కలిపితే బలం తగ్గకుండానే కాసేపటికే జారుగా అవుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, ఆరాక పెట్టాలి. పైన కాస్త నెయ్యో నూనో.

అంగన్వాడీలో ఇచ్చే బాలామృతం పిండినీ పల్చగా కలపొద్దు. తేనె ఏడాది నిండేదాకా నాకించొద్దు.

సీసా కంటే గిన్నె, చెంచా మేలు. రబ్బరు పీక మూలల్లో పాలు పేరుకుని పులుస్తాయి, విరేచనాలు అక్కడే మొదలు.